చప్పుడు లేని బండీ, మా పండగ గేటూ

మా వంటింటి తలుపు పనసచెక్కది. పొయ్యి పొగకు నల్లబడిపోయి, సుద్దముక్కతో రాస్తే బడిలో బోర్డు కన్నా బాగా కనబడుతుంది. ఒక చలికాలం నుంచి చైత్రం దాకా ఆ తలుపు నిండా ప్రశ్నలే. రాసింది నా కూతురు. అక్షరాలు తెలుగువి, మాటలు ఇంగ్లీషువి. "వై డజ్ ఎ మోటార్ గెట్ హీటెడ్?" "వాట్ ఈజ్ ఎ బ్యాటరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్?" "వాట్ ఈజ్ రీజెనరేటివ్ బ్రేకింగ్?" నేను పొయ్యి మీద అంబలి కలుపుతూ వాటిని పైకి చదవాలి, అది జవాబు చెప్పాలి. శనివారం పాసింజరు రైలు దిగి ఇంటికి వచ్చినప్పుడల్లా ఇదే పని.

నేను అక్షరాలు నేర్చుకున్నది నలభై దాటాక. దానికి కారణం ఒక బస్సు. అప్పుడు నా కూతురు పాడేరు హాస్టల్లో ఉండి చదువుకునేది. దాన్ని చూసి తిరిగొస్తూ, అరకు బస్సు అనుకుని ముంచింగిపుట్టు బస్సు ఎక్కేశాను. కిటికీ పక్కన సీటు దొరికిందని సంబరపడి నిద్రపోయాను కూడా. లేచేసరికి తెలియని సంత. అరకు ఎక్కడని అడిగితే ఒకామె చింతపండు బుట్ట దించి మరీ నవ్వింది. ఆ రాత్రి వాళ్ళింట్లోనే పడుకోనిచ్చింది, తెల్లారి బస్సు ఎక్కించింది. ఎక్కించేటప్పుడు, "ఇదిగో, గుండ్రంగా మొదలవుతాది సూడు, అదే అ. అ కనబడితే ఎక్కు" అంది. ఆమెకూ అంతవరకే వచ్చు. మిగతావి మా ఊరి అంగన్‌వాడీలో, సాయంత్రం పూట టీచరమ్మ దగ్గర నేర్చుకున్నాను. పిల్లలు గోడ మీద బొమ్మలు చూసి "ఏనుగు" అని అరిచేవారు. నేను బొమ్మ కింద ఉన్నది కూడబలుక్కుని, వాళ్ళ వెనక నెమ్మదిగా ఏనుగు దగ్గరికి చేరేదాన్ని.

నా చదువు అలా నడుస్తుంటే, నా కూతురి చదువు కొండ దిగి మైదానంలో ఇంజినీరింగ్ కాలేజీకి చేరింది. కరెంటు చదువు తీసుకుంది. ఆఖరి సంవత్సరం వాళ్ళ కాలేజీలో కరెంటు బండ్ల కోసమే ఒక కోర్సు పెట్టారు. ఇకమీదట బండ్లన్నీ కరెంటు మీదే నడుస్తాయనీ, వాటిని తయారుచేసేవాళ్ళూ బాగుచేసేవాళ్ళూ కావాలనీ, పుస్తకం చదివితే చాలదు, చేత్తో చెయ్యాలనీ వాళ్ళ సార్ చెప్పారట. పాత డీజిల్ ట్రక్కు ఆటో ఒకటి తెచ్చి ముందు పెట్టి, ఇంజను పీకేసి, దాని చోట మోటారూ బ్యాటరీలూ బిగించమన్నారు. నా కూతురికి జోడీ విజయనగరం వైపు పిల్ల. ఇద్దరూ కలిసి ఆ ఆటో కింద దూరి పడుకునేవారు. ఇంటికి వస్తే దాని గోళ్ళలో నల్లటి గ్రీజు. నా మొగుడు ఆ చేతులు చూసి ఆశ్చర్యపోయాడు.

"ఇంజినీరంటే ఫేను కింద కూకుంటాది అనుకున్నాను. ఇదేటే, అరకు షెడ్డులో బండ్లు బాగుసేసే గుంటల్లాగ తయారైనావు?"

"ఫేను కింద కూకున్నోళ్ళు వేరే ఉన్నారు నాన్నా. వాళ్ళకి ఈ గ్రీజు వాసన కూడా తెల్దు" అని అది ఆ చేతులతోనే ఆయన చొక్కా పట్టుకుంది. చొక్కా మీద అయిదు వేళ్ళూ అచ్చు పడ్డాయి. సబ్బుకు పోలేదు. ఆయన ఆ చొక్కాతోనే సంతకు వెళ్ళి, అడగనివాళ్ళకు కూడా ఆ అచ్చు కథ చెప్పాడు.

చెయ్యి బాగా పనిచేసేది. నోరే పెగిలేది కాదు. మొదటిసారి ఒక కంపెనీవాళ్ళు ఉద్యోగాలకు మనుషుల్ని ఏరుకోవడానికి కాలేజీకి వచ్చినప్పుడు, బల్లకు అవతల నలుగురు కూర్చుని అడుగుతుంటే నా కూతురు ఒక్క ముక్క చెప్పలేదు. ఇంటికి వచ్చి నా ఒళ్ళో తల పెట్టుకుంది.

"అన్నీ తెలిసినవే అమ్మా. బ్యాటరీ బొమ్మ సూపించి అడిగినారు. ఆ బ్యాటరీ నానే విప్పి బిగించినాను. మాట మటుకు రాలేదు."

ఇంకొక కంపెనీ ఉంది, అది ఆఖరుది. కరెంటు ట్రక్కు ఆటోలు తయారుచేసే కంపెనీ. వాళ్ళు ముందు బండి నడిపించి చూస్తారు, తర్వాత మాట్లాడిస్తారు. అక్కడా కాకపోతే ఏమవుతుందో మా ఇంట్లో అందరికీ తెలుసు. చైత్రంలో మా పండగ వెళ్ళగానే రొయ్యల కంపెనీ వ్యాను మా ఊరికి వస్తుంది. రొయ్యల తలలు తీసే పనికి ఆడపిల్లల్ని ఎక్కించుకుపోతుంది. మా మరిది కూతుళ్ళిద్దరూ అలా వెళ్ళినవాళ్ళే. వాళ్ళ వేళ్ళు ఐసులో నాని తెల్లగా అయిపోయాయి. "ఏం కాదులే, నానూ ఎల్తాను, చలికి అలవాటున్నదాన్నే కదా" అని నా కూతురు నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

తలుపు మీద ప్రశ్నలు అలా మొదలయ్యాయి. అడిగే మనిషి ఎదురుగా ఉండి అడిగితే అలవాటవుతుందని సార్ చెప్పారట. మా ఇంట్లో చదవడం వచ్చిన మనిషిని నేనే. నేను ఒక్కొక్క అక్షరం పట్టుకుని "వా...ట్... ఈ...జ్..." అని అడిగేసరికి దానికి జవాబు ఆలోచించుకోవడానికి కావలసినంత టైము దొరికేది.

"అమ్మా, నువ్వడిగినంత నెమ్మదిగా వాళ్ళడగరు."

"అడగరు. వాళ్ళకి అంబలి అడుగంటదు. జవాబు సెప్పు."

అది మొదట ఇంగ్లీషులో గడగడా చెప్పేది. నేను గరిటె ఎత్తి ఆపేదాన్ని. "నాకు తెలిసేలా సెప్పు."

"వాళ్ళు ఇంగ్లీషులోనే అడుగుతారమ్మా."

"వాళ్ళడిగితే వాళ్ళకి ఇంగ్లీషులో సెప్పు. ఇప్పుడు నానడిగినాను కదా."

అలా నాకు తెలిసేలా చెప్పడానికి అది కిందామీదా పడేది. బ్యాటరీలో చాలా సెల్లులు ఉంటాయట. ఒకటి ఎక్కువ తిని, ఇంకొకటి తక్కువ తింటే అన్నీ పాడవుతాయట. అందుకని హాస్టల్లో గరిటె పట్టుకున్న ఆయాలాగ, ఎవరికి ఎంత పడిందో చూసుకునేది ఒకటి లోపల ఉంటుందట. నాకు అన్నిటికన్నా నచ్చింది రీజెనరేటివ్ బ్రేకింగ్. ఆ మాట నోటికి ఎక్కడానికే నాకు చాలా శనివారాలు పట్టాయి. ఎక్కాక కాఫీ తోటలో మిరియాలు కోస్తూ కూడా అదే పాడుకునేదాన్ని.

"బండి కొండెక్కేటప్పుడు బ్యాటరీ మోటారుని తిప్పుతాది. దిగేటప్పుడు బండి బరువే చక్రాన్ని తిప్పుతాది, చక్రం మోటారుని తిప్పుతాది. అప్పుడు మోటారు కరెంటు తినదు, కరెంటు సేస్తాది. ఆ కరెంటు ఎనక్కి బ్యాటరీలోకి ఎల్తాది. బండి జోరు కూడా తగ్గుతాది."

"అయితే ఎక్కినప్పుడు తిన్నదంతా దిగినప్పుడు కక్కేత్తాదా?"

"అంతా కాదమ్మా. తిరగలి కాడ పిండి ఎంత ఊడ్చి ఎత్తినా కొంత నేల మీద ఉండిపోద్ది కదా, అలాగ."

నా మొగుడు అరుగు మీద కూర్చుని బాణానికి ములుకు నూరుతూ ఇదంతా వినేవాడు. "ఆ బండికీ నోరు లేదు, మన గుంటకీ నోరు లేదు. మంచి జోడీ" అనేవాడు. నిజంగానే ఆ బండి చప్పుడు చెయ్యదట. తాళం తిప్పితే నడుస్తున్నట్టు కూడా తెలియదట. ఆ మాట మేమెవరం పెద్దగా పట్టించుకోలేదు.

కంపెనీవాళ్ళు బండిని ఘాట్ రోడ్డు మీద, బరువుతో చూస్తామన్నారు. ఘాట్ అనగానే నా కూతురు మా ఊరి పక్క రోడ్డు పేరు చెప్పింది. చిన్నప్పటి నుంచి నడిచిన రోడ్డు. ఏ మలుపు దగ్గర ఎంత ఎత్తు ఉంటుందో కాళ్ళకు తెలుసు. సార్ సరే అన్నారు. రోజు మాత్రం కంపెనీవాళ్ళు పెట్టారు. ఆ రోజు వచ్చి మా ఇటుకల పండగలో పడింది.

మా కొండల్లో చైత్రంలో వచ్చే పెద్ద పండగ అది. ఊరి దేవత దగ్గర విత్తనాలు పెట్టి పూజ చేయించి ఇంటింటికీ పంచుకుంటాం. మగవాళ్ళు విల్లూ బాణాలూ పట్టుకుని అడవికి వేటకు పోతారు. వాళ్ళు తిరిగొచ్చేదాకా ఆడవాళ్ళదే రాజ్యం. రోడ్డుకు అడ్డంగా వెదురుబొంగు పెట్టి గేటు కడతాం. వచ్చిన బండినల్లా ఆపుతాం, నుదుటికి బొట్టు పెడతాం, పాట పాడతాం, పండగ చందా అడుగుతాం. ఇవ్వకపోతే దిగి మాతో థింసా ఆడాలి. మొదటిసారి చూసిన టూరిస్టులు భయపడతారు. తర్వాత వాళ్ళే దిగి ఫొటోలు తీసుకుంటారు.

మా ఊరి గేటుకు పెద్ద మా చిన్నత్త, అంటే మా అత్తగారి చెల్లెలు. పళ్ళు రెండే ఉన్నా ఆమె మాటకు ఎదురులేదు. నేను ముందురోజే వెళ్ళి బతిమాలాను.

"చిన్నత్తా, రేపు గుంట బండి వత్తాది. పరీచ్చ. ఆపకుండా ఇడిసిపెట్టేయండి."

"పండగ పూట గేటు కాడ ఆగని బండి ఉన్నాదేటే? పోలీసు జీపు ఆగినాది, డాక్టరుబాబు కారు ఆగినాది."

"దానికి ఉద్యోగం వత్తాది చిన్నత్తా. లేకపోతే రొయ్యల వ్యానే."

ఆమె చుట్ట తిప్పుకుంటూ ఆలోచించింది. "సరే. సందా వొద్దు. ఒక్క బొట్టు ఎట్టించుకుని ఎల్లమను. గేటు కాడ నేల సదునుగానే ఉంటాది కదా, ఒక నిమిషం ఆగితే అరిగిపోద్దా? ఊరికే దాటేసిన బండిని ఒదిలేస్తే ఆ ఏడు ఇత్తనం కూడా మన పొలం దాటేసి పక్కోడి పొలంలో మొలుత్తాది."

నేను ఫోనులో చెబితే నా కూతురు ఒప్పుకుంది. సదును నేల మీద ఆగడానికి ఇబ్బంది లేదంది. అది భయపడుతున్నది గేటు దాటాక పైన వచ్చే మలుపు గురించి. అక్కడ నేల ఒక్కసారిగా నిలువుగా లేస్తుంది. జోరు మీద ఎక్కించేస్తే పర్వాలేదు గానీ, బరువుతో అక్కడ ఆగితే మళ్ళీ ముందుకు కదులుతుందో, వెనక్కే జారుతుందో తెలియదు.

"ఆగం కదా, ఇంకేటి" అంది.

ఇక్కడ మా పద్ధతి ఒకటి చెప్పాలి. పొద్దుటి నుంచి వెదురుబొంగును ఎత్తి పట్టుకుని ఎవరూ నిలబడరు. దాన్ని రోడ్డు మీద పడేసి, పక్కన పనసచెట్టు నీడలో కూర్చుంటాం. ఆడతాం, తాగుతాం, తింటాం. కింది మలుపులో బండి గేరు మార్చిన చప్పుడు వినబడగానే లేచి, ఇద్దరు బొంగు ఎత్తుతారు, మిగతావాళ్ళు వరస కడతారు. లారీ గొంతు వేరు, బస్సు గొంతు వేరు. మా చిన్నత్త చప్పుడు వినే ఏ బండో చెబుతుంది. ఆ రోజు కూడా అలాగే కూర్చున్నాం. నేను కూతురి బండి కోసం చెవులు నిక్కబొడుచుకుని కూర్చున్నాను. వచ్చేది చప్పుడు చెయ్యని బండి అని నాకు తెలుసు, మా చిన్నత్తకూ తెలుసు. అయినా అందరం వింటూనే ఉన్నాం!

టక్‌మని బొంగు మోగింది. తిరిగి చూసేసరికి ఆకుపచ్చ ఆటో ఒకటి బొంగును తొక్కి దాటేసి, వెనక ఇసుక బస్తాలతో నింపాదిగా పోతోంది. బస్తాల మీద కూర్చున్న నా కూతురు కంప్యూటరు ఒళ్ళో పెట్టుకుని తల వంచుకుని ఉంది. గేటు అంటే బొంగు లేచి ఉంటుంది, మేం నిలబడి ఉంటామని అది బండి నడిపే స్నేహితురాలికి చెప్పిందట. బొంగు లేవలేదు, మనుషులు లేరు. ఆ పిల్ల గేటు ఇంకా ముందుందనుకుని పోనిచ్చేసింది.

చిన్నత్త గుండెలు బాదుకుంది. "ఓలమ్మో, దాటిపోనాది! దొంగబండి! అడ్డదారిన పదండే, బేగి!"

నేను "చిన్నత్తా, ఆగు" అంటూనే ఉన్నాను. ఎవరు వింటారు? ఘాట్ రోడ్డు కొండ చుట్టూ తిరిగి వెళుతుంది. మా అడ్డదారి కాఫీ తోట మధ్యలోంచి నిలువుగా పైకి పోతుంది. ఊరి ఆడవాళ్ళంతా చీరలు ఎగదోపుకుని, మిరియాల తీగలు పట్టుకుని, ఒకరినొకరు తోసుకుంటూ, నవ్వుకుంటూ ఎక్కారు. డప్పు కొట్టే ఆమె డప్పుతో సహా వచ్చింది. నేనూ ఎక్కాను, ఆపడానికే ఎక్కాను. కానీ అందరికన్నా ముందు రోడ్డు మీద పడింది నేనే. మేం తేలింది సరిగ్గా ఆ మలుపు దగ్గర, ఆగకూడదని నా కూతురు అన్న చోట.

బండి వచ్చింది. వరసగా చేతులు పట్టుకుని థింసా కట్టిన ఆడవాళ్ళను చూసి ఆగింది.

విజయనగరం పిల్ల రెండు కాళ్ళతో బ్రేకు తొక్కి పట్టుకుంది. "పిన్నీ, తప్పుకోండి, జారిపోద్ది!" అని అరిచింది. ఎవరో రాయి తెచ్చి వెనక చక్రానికి అడ్డం పెట్టారు. ముందు సీటులోంచి కంపెనీ మేడమ్ దిగారు. జుట్టు పొట్టిగా, కాళ్ళకు బూట్లు, చేతిలో పెన్ను. వెనకే మోటారు సైకిలు మీద కాలేజీ సార్ వచ్చారు, మొహమంతా చెమట. నా కూతురు బస్తాల మీంచి నన్ను చూసింది. "అమ్మా, నువ్వు కూడానా?" అని అనలేదు గానీ కళ్ళు అదే అడిగాయి.

చిన్నత్త ఆటో ముందు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "అరవని బండి ఎలాగ నడుస్తాది? దెయ్యం తోస్తాదేటి? సెప్తేనే ఇడిసిపెడతాం."

సార్ ముందుకు వచ్చారు. "అమ్మా, ఇందులో ఇంటర్నల్ కంబషన్ ఉండదు. ఎలక్ట్రిక్ ట్రాక్షన్..."

"ఈ బాబు మంతరం సదువుతన్నాడే" అంది చిన్నత్త. ఆడవాళ్ళంతా ఘొల్లుమన్నారు. సార్ కూడా నవ్వేసి తప్పుకున్నారు. తప్పుకుంటూ నా కూతురి వైపు చూశారు. మేడమ్ కూడా చూశారు. అది బస్తాలు దిగి నిలబడింది. పెదాలు బిగుసుకుపోయాయి. బల్లకు అవతల నలుగురు కూర్చున్నప్పుడు ఎలా ఉందో నాకు ఇప్పుడు కనబడింది.

నాకేం చెయ్యాలో తోచలేదు. తోచింది తలుపు ఒక్కటే. పొయ్యి దగ్గర నిలబడినట్టే నిలబడి, గట్టిగా అడిగాను.

"వాట్ ఈజ్ రీజెనరేటివ్ బ్రేకింగ్?"

డప్పు పట్టుకున్నామె నోరు తెరుచుకుని నన్ను చూసింది. మేడమ్ పెన్ను కిందపడింది. నా కూతురు ఒక్క క్షణం చూసి, ఫక్కున నవ్వింది. నవ్వుతూనే, "నీకు తెలిసేలా సెప్పాలా?" అంది.

"నానే కదా అడిగినాను."

అది మొదలుపెట్టింది. ఎక్కేటప్పుడు బ్యాటరీ మోటారును తిప్పడం, దిగేటప్పుడు బరువు చక్రాన్ని తిప్పడం, తిరగలి పిండి, హాస్టల్ ఆయా గరిటె, అన్నీ వచ్చేశాయి. సగం తెలుగు, సగం మేం ఇళ్ళల్లో మాట్లాడుకునే కొండ ఒడియా. ఆటో వెనక పలక విప్పి బ్యాటరీ పెట్టె చూపించింది, మోటారు మీద చెయ్యి పెట్టి వేడి చూసుకోమంది. లోపల ఏదీ పేలదు కాబట్టి చప్పుడు లేదు, పొగ లేదు అంది. ఆడవాళ్ళు చుట్టూ మూగిపోయారు. ఒకరి తర్వాత ఒకరు అడుగుతున్నారు.

"వానలో తడిస్తే షాకు కొడతాదా?"

"కొట్టదు పిన్నీ. పెట్టె మూత సూడు, నీళ్ళు దూరవు. వాగులో దింపేస్తే మటుకు నా పూచీ లేదు."

"కరెంటు ఎక్కడిది? మాచ్‌ఖండ్ డ్యాముదేనా?"

"మాచ్‌ఖండ్‌దీ ఉంటాది, ఇంకా సోట్లదీ ఉంటాది. అంతా ఒక తీగలోకే వత్తాది."

"మన నీళ్ళ కరెంటు మన నెత్తి మీద నుంచే పై ఊళ్ళకి పోతన్నాది. ఇన్నాళ్ళకి ఒక బండి ఎక్కి మన ఊరొచ్చినాది" అంది ఒకామె.

"అడివిలో అయిపోతే?"

"అయిపోతే అయిపోనాదే. డీజిలైతే సీసాలో తెచ్చి పోయొచ్చు, ఇది అలాగ కుదరదు. అందుకే ఇంకా ఎంత దూరం ఎల్తాదో ఈ మీటరు ముందే సెప్తాది. సూసుకోవాలి."

చివరికి చిన్నత్త అడిగింది. "అదంతా సరేగాని, ఇది వత్తన్నట్టు మాకెలాగ తెలుత్తాది? గేటు కాడ సెవులు పెట్టుకుని కూకున్నాం. రోడ్డు మీద పిల్లలుంటారు, మేకలుంటాయి. వాటికెలాగ తెలుత్తాది?"

నా కూతురు నోరు తెరిచి, ఆగింది. మళ్ళీ మాట పడిపోయిందేమో అనుకున్నాను. అది మేడమ్ వైపు ఒకసారి చూసి, చిన్నత్త వైపు తిరిగింది.

"తెల్దు మామ్మా. హారనుంది గానీ, అది డ్రైవరు సూసినప్పుడే కొడతాది. సూడనప్పుడు ఎలాగో మేం ఆలోసించలేదు."

"ఆలోసించు మరి. ఇంజినీరువి కదా" అని, చిన్నత్త తోటలోకి ఒక కేక వేసింది. పక్కనే మేస్తున్న ఆమె ఆవు వచ్చింది. దాని మెడలో కర్రగంట విప్పి, ఆటో ముందున్న అద్దం కడ్డీకి కట్టింది. "నువ్వు ఆలోసించేదాకా ఇదుంచు." తర్వాత బండికి బొట్టు పెట్టింది, నా కూతురికి పెట్టింది, మేడమ్‌కూ పెట్టింది. డప్పు మోగింది. మేడమ్ బూట్లతోనే రెండు వరసలు థింసా ఆడారు. అడుగు తప్పినప్పుడల్లా పక్కనున్నామె ఆమెను చంకలో ఇరికించుకుని లాక్కుపోయింది.

ఆ గొడవలో మేడమ్ నన్ను అడిగారు, "మీరు ఎంతవరకు చదువుకున్నారమ్మా?" అని.

"మా వంటింటి తలుపు వరకు" అన్నాను. ఆవిడకు అర్థం కాలేదు. నా కూతురు విడమరిచి చెప్పింది. ఆవిడ చాలాసేపు నవ్వారు.

ఇక అసలు సంగతి మిగిలింది. బండి నిలువు మలుపులో బరువుతో ఆగి ఉంది. ముందుకు కదలాలి. సార్, "కింద సదును నేల దాకా జార్చి, మళ్ళీ ఎక్కించుకుందాం" అన్నారు. నా కూతురు చక్రం పక్కన గొంతుక్కూర్చుని చూసింది. "ఒద్దు సార్. ఊళ్ళో బండ్లు ఇలాంటి సోటే ఆగుతాయి. ఇక్కణ్ణించే తీద్దాం" అంది. ఆ మాట ఇంగ్లీషులో మేడమ్‌కు మళ్ళీ చెప్పింది. నాకు అర్థం కాలేదు గానీ ఆగకుండా చెప్పింది.

విజయనగరం పిల్ల దండం పెట్టుకుని తొక్కింది. బండి మొదట వెనక్కే, చక్రం కింది రాయి మీదికి జానెడు జారింది. మేమంతా "ఓలమ్మో" అన్నాం. మోటారు సన్నగా ఈల వేసింది. మరుక్షణం రాయి ఒంటరిగా మిగిలింది, బండి కదిలింది. ముసలెద్దు బురదలోంచి కాలు తీసినట్టు నెమ్మదిగా, ఆపకుండా, కర్రగంట టొకటొకమంటూ మలుపు తిరిగి పైకి వెళ్ళిపోయింది. మేం మళ్ళీ అడ్డదారి పట్టాం. ఈసారి ఆపడానికి కాదు, చూడటానికి.

పైన బొంగు చికెన్ అమ్మేవాళ్ళ దగ్గర మేడమ్ కాఫీ తాగుతూ నా కూతురితో మాట్లాడారు. బండి చూశాకే మాట్లాడిస్తామని ముందే అన్నారు కదా. మేం దూరంగా కూర్చున్నాం. వాళ్ళిద్దరూ ఇంగ్లీషులో మాట్లాడుకున్నారు. నా కూతురు చేతులు తిప్పుతూ చెబుతోంది. ఒకచోట తిరగలి తిప్పినట్టు చెయ్యి తిప్పింది. ఓహో, ఆ ప్రశ్న వచ్చిందన్నమాట అనుకున్నాను.

దిగేటప్పుడు చిన్నత్త కొత్త పేచీ పెట్టింది. ఇసుక బస్తాలను ఎక్కించారు, మమ్మల్ని ఎక్కించరా అని. సార్ ఏదో అనబోయారు. మేడమ్, "బరువు బరువే కదా సార్, బస్తాలు దించండి" అన్నారు. బస్తాలు బొంగు చికెన్ కొట్టు దగ్గర దించేసి, వాటికి సరిపడా మేం ఎక్కాం. పట్టనివాళ్ళు అడ్డదారిన పరుగెత్తారు. దిగుతుంటే గాలి తప్ప చప్పుడు లేదు, మా పాటే మాకు వినబడింది. బండి జోరు అందుకోబోయినప్పుడల్లా ఎవరో వెనక నుంచి కొంగు పట్టుకున్నట్టు తగ్గేది. నా కూతురు మీటరు చూస్తూ అరిచింది.

"పెరిగినాది! ఒకటి పెరిగినాది!"

"ఏటి పెరిగినాది?" అంది చిన్నత్త.

"బ్యాటరీలో కరెంటు, మామ్మా. నూటికి ఒకటి."

"అలాగ సెప్పు. సందా ఇచ్చినాది" అని చిన్నత్త తృప్తిగా చుట్ట వెలిగించుకోబోయింది. బ్యాటరీ పక్కన వొద్దని నా కూతురు లాక్కుంది.

వేటకు వెళ్ళిన నా మొగుడు ఒక అడవి కోడి కూడా లేకుండా తిరిగొచ్చాడు. ఊళ్ళో ఎవరూ ఆయన్ని వేట గురించి అడగలేదు. అందరూ బండి గురించే చెబుతున్నారు. "నాను లేనప్పుడే జరగాలా ఇదంతా" అని అలిగి అంబలి తాగలేదు. తర్వాత తాగాడు.

పండగ వెళ్ళింది. రొయ్యల వ్యాను వచ్చి, హారను కొట్టి, కొందరిని ఎక్కించుకుని వెళ్ళింది. మా ఇంటి ముందు కూడా ఆగింది. నా కూతురు గడప మీద కూర్చుని చూసింది. ఎక్కలేదు, ఎక్కనని కూడా అనలేదు, "ఇంకో వారం సూస్తాను" అంది. ఆ వారం తలుపు మీద ప్రశ్నలు చెరపలేదు, చదవనూ లేదు.

నేను అల్లం గట్ల దగ్గర కలుపు తీస్తుంటే అది పరుగెత్తుకుంటూ వచ్చింది. సిగ్నలు కోసం కొండ మీది బండ ఎక్కిందట. ఫోను నా చేతికిచ్చి, "నువ్వే సదువు" అంది. మట్టి చేతులు చీరకు తుడుచుకున్నాను. మేడమ్ తెలుగులో పంపారు. నేను చదవాలనే అలా పంపారని నాకు తర్వాత తెలిసింది. ఒక్కొక్క అక్షరం పట్టుకుని, వేలు పెట్టి చదివాను. "మీ అమ్మాయిని తీసుకున్నాం. జూన్‌లో ట్రైనింగ్. చప్పుడు లేని బండి వస్తున్నట్టు ఎలా తెలియాలి అనే పనిలోనే వేస్తున్నాం. మీరు అడుగుతూ ఉండండి."

చదవడం పూర్తయ్యేలోపల అది రెండుసార్లు ఏడ్చి, ఒకసారి అల్లం మొక్కను తొక్కింది.

జూన్ వానలు పడ్డాక అది రైలెక్కింది. ఇప్పుడు ఆదివారాలు ఫోను చేస్తుంది. అక్కడ ఒక పెద్ద షెడ్డులో రకరకాల చప్పుళ్ళు బండ్లకు పెట్టి చూస్తున్నారట. ఏది పెట్టినా వాళ్ళ సార్లకు నచ్చడం లేదట, దీనికి మాత్రం కర్రగంటే బాగుందట. వాళ్ళందరూ దీన్ని ఆవు ఇంజినీరు అంటున్నారట. చెబుతూ నవ్వింది. మా ఊరి గేటు పద్ధతి కూడా మారింది. పోయిన పండగకు చిన్నత్త కింది మలుపులో ఒక పిల్లను గుడ్డ ఊపడానికి నిలబెట్టింది. "ఇకమీదట సెవులు పనికిరావు, కళ్ళు కావాలి" అంది. ఇంటర్ చదివే పక్కింటి పిల్ల సుద్దముక్క పట్టుకుని మా తలుపు దగ్గరికి వచ్చింది. సగం తలుపు ఇచ్చాను. మిగతా సగం నా కూతురిదే.

చిన్నత్తకు మాత్రం ఒక బాధ మిగిలింది. గంట లేక ఆవు ఎక్కడ మేస్తోందో తెలియక వెతుక్కునేది. ప్రతి సాయంత్రం మా గుమ్మం ముందు నిలబడి, "నీ కూతురికి ఉద్యోగం దొరికినాది, నాకు ఆవు దొరకట్లేదు" అని తిట్టేది. మొదటిసారి సెలవుకు వచ్చినప్పుడు నా కూతురు అరకు సంతలో కొత్త కర్రగంట ఏరి తెచ్చి, తన చేత్తో ఆవు మెడలో కట్టింది. పాత గంట కంటే దీని గొంతు పెద్దది. ఇది రాస్తుంటే ఆ ఆవు మా అల్లంలో పడి మేస్తూ గంట మోగిస్తోంది. లేచి తోలాలి.